అచ్చంపేట ఊపిరి ఎవరి లెక్కలోనూ లేదు

ప్రతి ఏడూ దీపావళి దాటిందంటే టీవీ వార్తల నిండా ఢిల్లీయే. బూడిదరంగు ఆకాశం, మూతులకు మాస్కులు, బడులకు సెలవులు, సుప్రీంకోర్టులో చీవాట్లు. అది చూసి మన ఇళ్లల్లో అనుకునే మాట ఒకటే: "పట్నాల పాట్లు పట్నాలవి. మనకేం, చుట్టూ పొలాలు, పక్కనే కృష్ణ. గాలికి కరువా?" ఆయాసంతో నగరంలో మంచం పట్టినవాణ్ణి సైతం "నాలుగు నెలలు ఊరెళ్లి ఉండవయ్యా, మంచి గాలి తగిలితే కుదుటపడతావు" అని సాగనంపడం మనకు అలవాటు. ఆ వెళ్లే ఊరు పల్నాడు జిల్లా అచ్చంపేట అనుకుందాం. కృష్ణ కుడిగట్టున, పత్తీ మిరపా పండే మండలం. ఊరి మీద పొగగొట్టాలు లేవు, ట్రాఫిక్ జాములు లేవు. పల్లె గాలి స్వచ్ఛమనే నమ్మకానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

ఆ నమ్మకం అబద్ధం. ఉత్త అబద్ధమైతే పోనీలే అనుకోవచ్చు. అది జబ్బుకు ముసుగు వేస్తోంది. పల్లెలో అరవై ఏళ్ల మనిషి నాలుగడుగులు వేసి ఆయాసంతో కూలబడితే వయసు మీద పడిందంటారు. పసివాడికి పిల్లికూతలు వస్తే చల్లగాలి తగిలిందంటారు. బీడీ ముట్టని ఆడమనిషి ఏడాది పొడుగునా దగ్గుతుంటే ఆమె తత్వమే అంత అంటారు. ఇన్ని కారణాలు వెతుకుతారు గానీ వాళ్లు పీల్చే గాలిని ఎవరూ అనుమానించరు. పల్లె గాలి మంచిదని ముందే తీర్పు ఇచ్చేసుకున్నాం కాబట్టి.

ఈ తీర్పు పుట్టింది ఆకాశాన్ని చూసి. ఆకాశం నీలంగా ఉంది, దూరపు కొండ కనపడుతోంది, కాబట్టి గాలి బాగుందని లెక్క. మనిషి ఊపిరి పీల్చేది ఆకాశంలోంచి కాదు, తన ముక్కుకు ఎదురుగా ఉన్న మూరెడు మేరలోంచి. అక్కడేముందో చూడకుండా ఊరి గాలి గురించి ఏం చెప్పినా అది ఊహే.

చలికాలం తెల్లవారుజామున ఆ మండలంలో ఏ ఊళ్లోకైనా వెళ్లి ఒక పొయ్యి పక్కన కూర్చోండి. పత్తి ఏరడం అయిపోయాక పీకి, ఎండబెట్టి, ఇంటి పక్కన వామి వేసిన పత్తికట్టె చాలా ఇళ్లకు ఏడాది పొడుగునా వంటచెరకు. దాంతోపాటు మిరప మోళ్లు, కందికట్టె, కంపచెట్ల పుల్లలు, పిడకలు. పత్తికట్టె సన్నం, గబగబా అంటుకుని గబగబా ఆరిపోతుంది. మొద్దు అయితే ఎగదోసి అవతలికి పోవచ్చు. దీన్ని మాత్రం నిమిషానికోసారి ఎగదొయ్యాలి, కాబట్టి వండే మనిషి పొయ్యి ముందు నుంచి కదలడానికి లేదు. మంచుకు తడిసిన కట్టె అయితే మండదు, పొగుస్తుంది. అప్పుడు ఊదుగొట్టం తీస్తారు. ఊదాలంటే ముందు గుండెల నిండా గాలి పీల్చాలి. ముఖం పొయ్యికి మూరెడు దూరంలో పెట్టుకుని, అత్యంత దట్టమైన పొగలో, అత్యంత లోతైన ఊపిరి తీసే పని అది. ఒక పూట వంటలో ఎన్నిసార్లు ఊదాలో లెక్కపెట్టి చూడండి. చంకలో పిల్ల ఉంటే ఆ పిల్లా పీలుస్తుంది. కళ్లనీళ్లు కొంగుతో తుడుచుకుని ఆమె మళ్లీ ఊదుతుంది. దీన్ని కాలుష్యమని ఎవరూ అనరు, వంట అంటారు.

ఆ పొగలో ఉండే సన్నని కణాల సంగతి చెప్పాలి. రెండున్నర మైక్రాన్ల కంటే చిన్నవాటిని పీఎం 2.5 అంటున్నారు, మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కు వెంట్రుకలు, గొంతులోని తడి పెద్ద దుమ్మును ఆపుతాయి. వీటిని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల చివర ఉండే గాలితిత్తుల దాకా పోతాయి, మరీ సన్నవి రక్తంలోకీ దిగుతాయి. అందుకే పొగ జబ్బంటే దగ్గూ ఆయాసాలే అనుకోకూడదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల కేన్సర్, ఆడవాళ్ల కళ్లలో ముందే వచ్చే శుక్లాలు, పసిపిల్లల న్యుమోనియా, ఇవన్నీ ఈ జాబితాలోవే.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో లెక్కగట్టింది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, వరంగల్, నిజామాబాద్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో, చెన్నై శ్రీరామచంద్ర సంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం 412 ఇళ్లలో గాలిని కొలిచింది. ఆ పరిశోధన 2004లో అచ్చయింది. 24 గంటల సగటున గ్యాస్ వాడే ఇళ్లలో లోపలికి పోయే సన్న ధూళి ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టె, పిడక వాడే ఇళ్లలో అది 732 దాకా పోయింది. పది రెట్లు. నవంబరు నెల ఢిల్లీని చూసి జాలిపడే మనం, మన వంటింట్లో రోజూ అంతకు తక్కువ కాని గాలిలో అన్నం వార్చాం. ఆ పరిశోధనలో నన్ను పట్టి ఆపిన సంగతి ఇంకొకటి ఉంది. ఆడవాళ్లలో ఎక్కువ పొగ పీల్చేది 15 నుంచి 40 ఏళ్లవాళ్లని తేలింది. అది ఎవరైనా ఊహించగలిగేదే, వండేది వాళ్లు. మగవాళ్లలో మాత్రం 65 నుంచి 80 ఏళ్లవాళ్లని తేలింది. పొలం పోలేక ఇంటి పట్టున నులకమంచంలో పడుకునే ముసలాయన! బతుకంతా ఆరుబయట పని చేసి, చివరి పదేళ్లు పొయ్యి పక్కన పొగలో గడిపే ఆ మనిషి దగ్గును మనం ముసలితనం కింద రాసేశాం.

బాలింత గది సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. చల్లగాలి తగలకూడదని కిటికీలు మూసి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం కింద కుంపటి పెట్టడం కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పిల్లకు నీళ్లుపోసి తల తుడిచి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ పొగ మీద పట్టుకోవడం ఇంకా ఎక్కువ ఇళ్లలో ఉంది. ప్రేమతోనే చేస్తారు, అందులో సందేహం లేదు. నీళ్లు పోయడం మానమని గానీ, సాంబ్రాణి వాసన చెడ్డదని గానీ నేను అనను. కానీ పది రోజుల పసిగుడ్డు పెద్దవాళ్ల కంటే రెండింతల వేగంతో ఊపిరి తీస్తుంది, దాని ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. మూసిన గదిలో నిప్పులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తల్లిని చల్లగాలి నుంచి కాపాడుతున్నామనుకుని అంతకంటే హాని చేసే గాలిలో ఉంచుతున్నాం. రాత్రికి అదే గదిలో దోమల చుట్ట వెలిగిస్తారు. మలేసియా, చైనా చుట్టలను పరీక్షించి 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వదిలే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లు వదిలేదానితో సమానం. పసిపిల్ల ఉన్న ఇంట్లో సిగరెట్ వెలిగించిన మామయ్యను కసురుకునే ఇల్లాలు ఆ చుట్టను నిశ్చింతగా మంచం కింద పెట్టి పడుకుంటుంది. ఆమె తప్పేమీ లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"మా నాయనమ్మ అరవై ఏళ్లు కట్టెల పొయ్యి మీదే వండింది, తొంభై ఏళ్లు బతికింది" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. బతికిన నాయనమ్మను మనం చూశాం. ముప్పై అయిదేళ్లకే దగ్గి దగ్గి పోయిన పెద్దమ్మ మన జ్ఞాపకంలో లేదు, ఫొటో కూడా లేదు. ఆమెను క్షయ అన్నారు, గాలి సోకిందన్నారు, గుండె బలహీనమన్నారు. నెలల పిల్లలు డొక్కలెగరేస్తూ పోతే దిష్టి అన్నారు. బతికి బట్టకట్టినవాళ్లను చూపించి పొగ మంచిదనడం న్యాయం కాదు. పైగా నాయనమ్మ వండిన ఇల్లు వేరు. అది తాటాకు పాకో పెంకుటిల్లో. చూరుకూ గోడకూ మధ్య జానెడు సందు, పెంకుల మధ్య సందులు, పొగ పైకి పోయేది. చాలా ఇళ్లలో వంటపాక విడిగా ఉండేది. ఇవాళ పల్లెలో కడుతున్నది శ్లాబు ఇల్లు. గత ప్రభుత్వం పేదల కాలనీల్లో గ్రామాల్లో ఇచ్చింది సెంటున్నర స్థలం, కట్టింది 340 చదరపు అడుగుల ఇల్లు. వంట ఒక మూల, పడక ఒక మూల. బయట పొయ్యి పెట్టుకుందామంటే పక్కింటి కిటికీ కిందే పెట్టాలి. ఒక ఇల్లు గ్యాస్‌కు మారినా ఎదురింటి పొగ ఆ ఇంట్లోకి వస్తుంది. ఇళ్ల ప్లాను గీసినవాళ్లు మరుగుదొడ్డిని గుర్తుపెట్టుకున్నారు, మంచిదే. పొగగొట్టాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

"ఇంకా కట్టెల పొయ్యి ఎక్కడుందండీ, ఇంటింటికీ గ్యాస్ వచ్చింది కదా!" అన్నది ఇంకో జవాబు. ఇది అధికారులకు ఎక్కువ ఇష్టమైన జవాబు. నిజమే, వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం మొదలైంది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 ప్రారంభించి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. ఇవి మంచి పనులు. దీపం పథకం వల్ల ఎందరో ఆడవాళ్ల కళ్లు బతికాయి. కానీ సిలిండర్ ఇంట్లో ఉండటమూ పొగ ఇంట్లో లేకపోవడమూ ఒకటి కాదు. నలుగురైదుగురున్న ఇల్లు పూర్తిగా గ్యాస్ మీదే వండుకుంటే మూడు సిలిండర్లు నాలుగు నెలలు కూడా రావడం కష్టం. ఉజ్వల లబ్ధిదారులు ఏడాదికి సగటున వాడింది 2019-20లో మూడు సిలిండర్లు, 2023-24లో కూడా నాలుగుకు లోపే. మిగతా వంట దేని మీద అయింది? టీ, పిల్లల టిఫిన్ గ్యాస్ మీద. అన్నం, పప్పు, స్నానాల నీళ్లు, గేదెలకు పెట్టేది కట్టెల మీద. సర్వేలో అడిగే ప్రశ్న "ప్రధానంగా ఏ ఇంధనం వాడతారు?" అని. గ్యాస్ అంటే చాలు, ఆ ఇల్లు స్వచ్ఛమైన ఇంధనం ఖాతాలో పడిపోతుంది. ఐదుగురి స్నానాలకు రోజూ కాగే నీళ్ల పొయ్యి గురించి ఎవరూ అడగలేదు. కట్టెకు డబ్బు పెట్టక్కర్లేదు, సిలిండర్‌కు పెట్టాలి. ఆదాయం చేతికొచ్చేది పత్తో మిర్చో అమ్ముడయ్యాకే. ఈ మాత్రం లెక్క తెలిసినవాళ్లెవరూ "గ్యాస్ ఇచ్చాం, అయిపోయింది" అనరు.

ఇంటి గాలి వదిలి బయటికి వద్దాం. బయట మాత్రం స్వచ్ఛమా?

మిరప కోతల కాలంలో కల్లాల దగ్గరికి వెళ్తే ముక్కే సమాధానం చెబుతుంది. కోసిన కాయను కల్లంలో పరిచి, తిరగేసి, ఎండబెట్టి, తాలు ఏరి టిక్కీలకు ఎత్తాలి. ఏరేది ఆడకూలీలు. ఎండిన కాయల రాశి ముందు కూర్చుని, ఎర్రకాయ ఒకవైపు తాలుకాయ ఒకవైపు విసురుతుంటే లేచే దుమ్ములో మిరప ఘాటు ఒక్కటే ఉండదు. మట్టి, బూజు, ఆ పైరు మీద కొట్టిన మందుల అవశేషాలు కూడా ఉంటాయి. కొత్తగా వచ్చిన కూలీ మొదటి రోజు తుమ్ములతో, కళ్లమంటలతో సతమతమవుతుంది. మూడో రోజుకు తుమ్ములు తగ్గుతాయి. "అలవాటైపోయింది" అంటారు. ముక్కుకు అలవాటైందంటే ఊపిరితిత్తులకు అలవాటైందని కాదు. ఆమె రక్షణ కొంగు. ముక్కు చుట్టూ రెండు మడతలు చుట్టుకుంటుంది. ఆ గుడ్డ పెద్ద నలుసును ఆపుతుంది, సన్న ధూళిని ఆపదు. రైతు మందుల మీద, పట్టాల మీద వేలకు వేలు పెడతాడు. ఆ పెట్టుబడి పట్టికలో కూలీ మాస్కు అన్న పద్దు ఎప్పుడూ చూడలేదు. పత్తి మిల్లుల్లో దూది ధూళి వల్ల వచ్చే జబ్బుకు కనీసం బిస్సినోసిస్ అని వైద్యంలో పేరుంది, పరిహారం ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలో చోటుంది. కల్లంలో కూర్చున్న ఆడమనిషికి ఫ్యాక్టరీ లేదు, రిజిస్టర్ లేదు, జబ్బుకు పేరు కూడా లేదు.

పంట అయ్యాక చేను ఖాళీ చేసే పని. గులాబిరంగు పురుగు మళ్లీ రాకుండా పత్తి మోళ్లను తొందరగా తీసేయమని వ్యవసాయ శాఖే చెబుతుంది. కూలి ఖర్చు భరించలేని రైతు గట్టున కుప్పవేసి అగ్గిపెడతాడు. మిరప మోళ్లదీ అదే దారి, వాటితోపాటు మల్చింగ్ షీట్ల ముక్కలు, పురుగుమందు డబ్బాలు. పంజాబ్ రైతు గడ్డి కాలిస్తే జాతీయ సమస్య. మన రైతు కాలిస్తే దాన్ని చూసేవాడే లేడు. రైతును జైల్లో పెట్టమని కాదు నేననేది. మోళ్లను ముక్కలు చేసి భూమిలో కలిపే యంత్రం అద్దెకు అందుబాటులో ఉంటే ఎవరూ అగ్గిపుల్ల గీయరు. పొగ పీల్చేది మొదట ఆ రైతే కదా.

మండలంలో ఫ్యాక్టరీ లేదన్నంత మాత్రాన ఫ్యాక్టరీ గాలి లేదనుకోవడమూ పొరపాటే. మాదిపాడు దగ్గర కృష్ణ ఒడ్డున నిలబడితే అవతలిది ముక్త్యాల, ఆ పైన జగ్గయ్యపేట, సిమెంట్ పరిశ్రమ ఉన్న ప్రాంతం. ఇటు జిల్లాలో మాచర్ల, దాచేపల్లి సిమెంట్, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు. నది దిగువన ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చే థర్మల్ కేంద్రం. బొగ్గులోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ప్రయాణిస్తూ సన్న సల్ఫేట్ కణాలుగా మారుతుంది, వందల కిలోమీటర్లు పోతుంది. థర్మల్ కేంద్రాలు దాన్ని వడకట్టే పరికరాలు పెట్టుకోవాలని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన తెచ్చింది, రెండేళ్లు గడువిచ్చింది, తర్వాత గడువు మీద గడువు పొడిగించింది, 2025 జులైలో దేశంలోని ఎక్కువ ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చేసింది. గాలికి మండల సరిహద్దు తెలియదు. చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి, దాని మీద వెచ్చటి గాలి పొర కుండమీద మూతలా కూర్చుంటుంది. ఊరి పొయ్యిల పొగ, కాలుతున్న మోళ్ల పొగ, దూరం నుంచి వచ్చిన ధూళి అన్నీ ఆ మూత కిందే ఉండిపోతాయి. మంచు అనుకుని మనం మురిసే ఆ తెల్లటి తెరలో మంచు ఎంతో పొగ ఎంతో కొలిస్తేనే తెలుస్తుంది.

కొలిచిన చోట ఏం తేలిందో చెబుతాను. హైదరాబాద్ పక్కన 28 తెలుగు పల్లెల్లో, జాతీయ పోషకాహార సంస్థ, బార్సిలోనా ఐఎస్‌గ్లోబల్ పరిశోధకులు కలిసి ఏళ్ల తరబడి గాలినీ మనుషుల ఆరోగ్యాన్నీ పరిశీలించారు. వంటింట్లో కాదు, ఊరి బయటి గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు 32.8 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన పరిమితి 5. అంటే పరిమితికి ఆరు రెట్లకు పైన. 3,717 మందిని పరీక్షించగా, గాలిలో ధూళి ఎక్కువున్న చోట ఉండేవాళ్ల వెన్నులో, తుంటిలో ఎముక గట్టిదనం తక్కువగా ఉందని 2020లో ప్రకటించారు. ఊపిరితిత్తులు సరే, ఎముకలు కూడా! ఇక మన దేశం పెట్టుకున్న వార్షిక పరిమితి 40. ఆ కొలబద్ద ప్రకారం ఆ ఊళ్ల గాలి భేషుగ్గా ఉన్నట్టే. టీవీల్లో చూపే వాయు నాణ్యతా సూచీలో 24 గంటల సగటు 60 మైక్రోగ్రాముల దాకా "సంతృప్తికరం" అని పచ్చరంగు వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 గంటలకు చెప్పింది 15. దానికి నాలుగింతలను సంతృప్తికరమని పిలిచే దేశంలో పల్లెవాడికి అనుమానం రాకపోవడం వింత కాదు.

అచ్చంపేటలో ఆ పచ్చరంగు కూడా లేదు. దగ్గర్లోని కొలత యంత్రం అమరావతి సచివాలయం దగ్గరిది. మంత్రులూ అధికారులూ పీల్చే గాలి క్షణక్షణం నమోదవుతుంది. కల్లంలో కూలీ పీల్చే గాలి ఏ రోజూ నమోదు కాలేదు. 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, గుంటూరు, ఒంగోలు సహా 13 ఊళ్లున్నాయి. అన్నీ నగరాలూ పట్టణాలే. ఈ కార్యక్రమంలోకి రావాలంటే గాలి చెడ్డదని కొలతలు ఉండాలి. కొలతలుండాలంటే యంత్రం ఉండాలి. యంత్రం పెట్టరు, ఎందుకంటే పల్లె గాలి మంచిది కాబట్టి! మూలాన ఉన్న నమ్మకమే రుజువు రాకుండా అడ్డుపడుతోంది. నేను ఈ నమ్మకం మీద ఇంత కోపంగా రాయడానికి కారణం ఇదే.

రుజువు అడిగేవాళ్లున్నారు. కాలుష్యం ఆయుష్షు తగ్గిస్తుందని భారతీయ పరిశోధనలేవీ చూపలేదని 2019 డిసెంబరులో అప్పటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ లోక్‌సభలో అన్నారు. ఆ తర్వాతి ఏడాదే లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో భారతీయ శాస్త్రవేత్తల బృందం వేసిన అంచనా వచ్చింది: 2019లో దేశంలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మరణాలు, అందులో ఇంటి పొగ వల్లనే 6.1 లక్షలు. అంచనాలు తప్పు కావచ్చంటారా, సగానికి తగ్గించి చూడండి. అప్పటికీ ఏ వరదా ఏ తుపానూ దాని దరికి రాదు. 2020 మే 7న విశాఖ ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ లీకై 12 మంది చనిపోతే రాష్ట్రమంతా కదిలింది. కదలాల్సిందే. రోడ్డు మీద పడిపోయినవాళ్లను అందరూ చూశారు కనుక గాలి మనిషిని చంపుతుందని ఆ రోజు ఎవరూ రుజువు అడగలేదు. ముప్పై ఏళ్లు పొగ పీల్చి ఆసుపత్రి మంచం మీద పోయేవాళ్లకు ఆ న్యాయం లేదు. డాక్టర్ రాసే చీటీలో "గుండె ఆగి" అని ఉంటుంది. లండన్‌లో ఎల్లా కిస్సీ-డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప ఉబ్బసంతో 2013లో చనిపోతే, తల్లి ఏడేళ్లు పోరాడాక 2020 డిసెంబరులో విచారణాధికారి ఆ మరణానికి గాలి కాలుష్యం కూడా కారణమని రాశారు. ఆ ఇంటి దగ్గర గాలిని కొలిచిన లెక్కలున్నాయి కాబట్టి ఆ తల్లి గెలవగలిగింది.

ఎదుటి పక్షం చేతిలో ఒక నిజమైన ఆయుధం ఉంది, దాన్ని దాచను. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో మూడు వేలకు పైగా గర్భిణులతో హేపిన్ అనే పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి ఉచితంగా గ్యాస్ ఇచ్చారు, వాళ్లు పీల్చే పొగ బాగా తగ్గింది. అయినా పుట్టిన పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో తేల్చారు. దీన్ని పట్టుకుని గ్యాస్ వల్ల లాభం లేదనేవాళ్లున్నారు. ఆ పరీక్ష చెప్పింది అది కాదు. గర్భం మొదలయ్యాక కొన్ని నెలలు పొగ తగ్గిస్తే బరువు పెరగలేదని మాత్రమే చెప్పింది. అంతకుముందు ఇరవై ఏళ్లు ఆ తల్లి పీల్చిన పొగ గురించి, తర్వాత నలభై ఏళ్లకు వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు గురించి అది ఏమీ చెప్పలేదు. పైగా పొయ్యి మారినా ఎదురింటి పొగ, బయటి గాలి మారలేదు. ఒక ఇంటికి ఒక సిలిండర్ చాలదు, ఊరు ఊరంతా ఒకేసారి మారాలి అనడానికి ఆ పరీక్షే సాక్ష్యం.

సీఓపీడీ పేరు ఎత్తాను కాబట్టి ఒక మాట. పొగతాగేవాళ్ల జబ్బని పేరుబడ్డ దీనికి పొగాకు ముట్టని కోట్లమంది ఎలా బలవుతున్నారో పుణె వైద్యుడు సందీప్ సాల్వి, పీటర్ బార్న్స్‌తో కలిసి 2009లోనే లాన్సెట్‌లో రాశారు. వంటచెరకు పొగే అందులో పెద్ద కారణం. అయినా పల్లెలో ఆయాసంతో వచ్చిన ఆడమనిషిని "బీడీ, చుట్ట అలవాటుందా?" అని అడిగి, లేదంటే ఉబ్బసం కింద రాసి, దగ్గుమందు సీసా చేతిలో పెట్టి పంపుతున్నారు. ఇంకొంచెం ఇబ్బంది అయితే ఆర్‌ఎంపీ దగ్గర సూది, నెబ్యులైజర్. జబ్బు ముదిరాక గుంటూరు. అప్పటికి ఊపిరితిత్తులు సగం పోయి ఉంటాయి, పోయింది తిరిగి రాదు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదని అనలేం. ముప్పై దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ అనే ఫారం ఉంది. బీపీ, షుగర్ ప్రశ్నలతోపాటు అందులో వంటకు ఏం వాడతారన్న ప్రశ్న ఉంది; కట్టెలు, పంట వ్యర్థాలు, పిడకలు, బొగ్గు అని విడివిడిగా రాసి ఉంది. పంట వ్యర్థాలు కాల్చే చోట, ఆకులూ చెత్తా కాల్చే చోట, పొగా ధూళీ ఉండే పనిలో ఉంటారా అని కూడా అడుగుతుంది. ప్రశ్న రాసినవాళ్లకు పల్లె గాలి ఎలాంటిదో బాగా తెలుసు. జవాబు వచ్చాక ఏం జరగాలన్నదే మిగిలింది. బీపీ ఎక్కువుంటే అక్కడే కొలిచి మాత్రలిస్తారు. "పత్తికట్టె" అని చెప్పిన మనిషి ఊపిరిని కొలిచే స్పైరోమీటర్ మాత్రం పెద్దాసుపత్రిలో ఉంటుంది. ఆ పరికరం బీపీ మిషన్ ఉన్న ప్రతి చోటికీ రావాలి, దాంతోపాటు ఇన్‌హేలర్లు రావాలి. కట్టెల మీద వండే ఇంటికి మూడు కాదు, సరిపడా సిలిండర్లు రావాలి. కల్లం దగ్గర ఒకటి, పేదల కాలనీలో ఒకటి గాలిని కొలిచే యంత్రం అచ్చంపేటలో పెట్టి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రోజూ రాయాలి.